పదిహేడో పేరు

ఆడి నెల వస్తోందంటే నాకు కాళ్ళు లాగేస్తాయి. పంతొమ్మిదేళ్ళుగా అదే పాట, అదే పదహారు మంది, అదే ఏడుపు. డెబ్బై దాటిన గొంతు ఇంకెంతకని లేస్తుంది? అళగమ్మాళ్ పాడితే రాయైనా ఏడుస్తుందని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. రాయికేం, ఒకసారి ఏడ్చి ఊరుకుంటుంది. నేను ఏటేటా ఏడవాలి.

వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో మా ఆడవాళ్ళు విరుదునగర్ వైపున్న ఒక టపాసుల కంపెనీకి వ్యానెక్కి పోయేవారు. నల్లరేగడి ఎకరాలు పేరుకే ఉన్నాయి, పొయ్యి వెలగాలి కదా. పంతొమ్మిదేళ్ళ కిందట, ఆడి నెలలో ఒకరోజు మందు గది పేలింది. పోయిన పదిహేడు మందీ మా ఊరివాళ్ళే.

ఒప్పారి, అంటే మా చావుపాట, కట్టడానికి ఒక పద్ధతుంది. పాట కట్టే మనిషి పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, "నీ బిడ్డ ఎట్లాంటిది?" అని తల్లిని అడగాలి. తల్లి చెప్పిన మాటే చరణమవుతుంది. ఆ చరణానికి మిగతా ఆడవాళ్ళంతా వంత పాడతారు. తల్లి మాత్రం పాడకూడదు. ఆమె ఏడవాలి, ఆ కాసేపూ పాటను ఊరు మోయాలి.

నేను పదహారు ఇళ్ళకు వెళ్ళాను. సెల్వరాణి ఇంటికి వెళ్ళలేదు. ఆమె కూతురు జోతి చేతిలోంచే మందు డబ్బా జారిందని కంపెనీ మేస్త్రీ అన్నాడు, ఊరు నమ్మింది. ఆ గదిలోంచి ఒక్కరూ బయటికి రాలేదే, మరి చూసిందెవరు? అడిగే తెలివి నాకు అప్పుడే ఉంది, నోరే లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. జోతికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

సెల్వరాణి మాత్రం ఏటా పాట పాడే కళ్ళానికి వచ్చి, అందరికీ వెనగ్గా కూర్చుని, పదహారు మందికీ వంత పాడేది. అటు చూడకుండా పాడటం నేను నేర్చుకున్నాను. సిగ్గుగా ఉండేది.

ఈ ఏడు మా ఊరి మనవరాలు దేవిప్రియ, కోవిల్‌పట్టి కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల, పాటను రికార్డు చేసి పుస్తకంలో వేస్తానంది. ముందురోజు సెల్వరాణి మా గడప దగ్గరికొచ్చింది.

"అక్కా, పుస్తగంలో ఎక్కితే ఇంగ మార్చేదానికి లేదంట. నా పాప పేరు ఎయ్యక్కా."

"ఇన్నేండ్లు అడగలేదేమే?" నా తప్పును ఆమె మీదికి తోశాను.

"అడిగేది నేనా? నువ్వు గదా ఇంటికి రావాల?"

తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుని ఆమె వెనకే నడిచాను. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాను.

"నీ బిడ్డ ఎట్లాంటిదే?"

ఆమె నా చేతిలోని చెంబు తీసుకుంది. "మరిసిపోతా ఉండానక్కా. ముకం కూడా సరిగా గ్యాపకానికి రాదు. వ్యాన్లో సీటు దొరికినా కడుపుతో ఉండే ఆడోళ్ళకి ఇచ్చేసి నిలబడే పోయేది. రాత్రికి కాళ్ళు నొస్తా ఉండాయమ్మా అనేది. నాకి పొలం పని చేసిన అలుపు. ఒగనాడూ కాళ్ళు పట్టలేదక్కా."

మర్నాడు కళ్ళంలో ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చున్నారు. దేవిప్రియ ఫోను మధ్యలో పెట్టింది. పదహారు పేర్లూ అయ్యాయి, లేవబోతున్నారు. నేను పాట ఆపలేదు.

"నిలబడే పోతివే జోతీ, నీ కాళ్ళు ఎవరు పట్టిరే..."

వంత కోసం ఆగాను. ఒక్క గొంతూ లేవలేదు. ఇద్దరు కూతుళ్ళను పోగొట్టుకున్న మారియమ్మాళ్ పక్కామె భుజం మీది చెయ్యి తీసేసి నేల చూసింది. ఆమెను ఏమనను? ఇన్నేళ్ళూ ఆమెను నిలబెట్టింది జోతి మీది కోపమే. ఆ కోపానికి నా పాటే కంచె కట్టింది.

సెల్వరాణి పెదవులు కదిలాయి, పదహారు మందికి పాడిన అలవాటు. అంతలోనే నోరు మూసుకుంది. తల్లి పాడకూడదు. అప్పుడు ఏడ్చింది. ఆ కళ్ళంలో ఆమె ఏడవడం అదే మొదలు, అప్పటిదాకా ఆమెకు ఏడ్చే వంతే రాలేదు.

అందరూ వెళ్ళాక దేవిప్రియ రికార్డు చేసినదంతా విని, చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి నా పక్కన కూర్చుంది.

"అవ్వా, చివర వంత లేదు. శానాసేపు ఒట్టి ఏడుపే ఉండాది. ఇంగోసారి పాడిస్తే అతికిస్తా. లేకుంటే ఆ ముక్క తీసేస్తా."

"తియ్యొద్దు. జోతికి ఎవరూ వంత పాడలేదని రాయి."

"ఊరికి చెడ్డపేరు గదా అవ్వా?"

"ఊరిది తరవాత రాయి. పంతొమ్మిదేండ్లు ఆ పేరు ఇడిసిపెట్టి పాడింది నేను. మొదట అది రాయి."