ఊరికే వచ్చిన మనిషి

“మా ఆవిడండీ. ఊరికే వచ్చింది,” అన్నాడు మా ఆయన, పడవ కొనడానికొచ్చిన నర్సమ్మతో. అప్పటికి నేను ఆ తెరచాప పడవ కింద వెల్లకిలా పడుకుని, చేతిలో ప్లాస్టిక్ సుత్తితో, మొహం నిండా రంగు పొడితో ఉన్నాను. ఊరికే వచ్చిన మనిషి అవతారం అలా ఉంటుందా?

ఈ ‘ఊరికే’ అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. పనీపాటా లేక వచ్చిందన్నా ఊరికే. జీతం బత్తెం లేకుండా చేయించుకున్నా ఊరికే. నోరు మూసుకోమని చెప్పాలన్నా ఊరికే ఉండమనే. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఈ మూడు ఊరికేలూ నేను ఒక్కదాన్నే మోశాను.

మా ఆయన పాత పడవల్ని పరీక్ష చేసి, కొనచ్చో కొనకూడదో కాగితం రాసిచ్చే మనిషి. నీళ్ళలోంచి పైకి తీసి దుంగల మీద నిలబెట్టిన పడవ అడుగుని, జానెడు జానెడుకీ సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది. లోపల ఫైబర్ పొరలు విడిపోయి నీరు పట్టినచోట బుద్‌మంటుంది, తడి గోనెసంచి మీద కొట్టినట్టు. ఆ తేడా వినడమే ఈ పని. ఏడేళ్ళ కిందటే అది ఆయన వల్ల కాకుండా పోయింది. జీవితమంతా పాలిష్ మెషీన్ల మోతలో నిలబడ్డ మనిషి, చెవులు పోయాయి. అది ఆయన తప్పని నేనెప్పుడూ అనలేదు. ఇల్లు గడవాలి కదా అని నేనే సుత్తి పట్టాను. నేను తడతాను, నేను వింటాను, పాడైన చోట సుద్దముక్కతో సున్నా చుడతాను. తర్వాత ఆయనొచ్చి, ఆ సున్నా మీద రెండు దెబ్బలు కొట్టి, కళ్ళు మూసుకుని “ఊఁ...” అంటాడు. కొనేవాళ్ళు మురిసిపోయి “చెవంటే మీదేనండీ” అంటారు. నేనప్పుడు వాళ్ళకి టీ పోస్తూ ఉంటాను.

ఒకసారి, కాగితం మీద నా పేరు కూడా పెట్టండి అన్నాను. కూరగాయలు తరుగుతున్న మా అత్తగారు కత్తి కింద పెట్టేసి, “వాడికి చెవుడని ఊరంతా టాంటాం కొట్టుకొస్తావా? మన పొట్ట మనమే కొట్టుకుంటామా?” అంది. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, “నా రెక్కల కష్టం తింటూ దీనికి పేరొకటి తక్కువైంది,” అన్నాడు. టీవీ గోడలదిరేలా మోగుతోంది. ఆ సౌండు ఎందుకంత పెట్టాలో ఆ ఇంట్లో ఎవ్వరూ అడగరు.

ఇవాళ్టి పడవ మా మరిదిది. అన్నదమ్ములని తెలిసే నర్సమ్మ ఒప్పుకుంది, సొంత తమ్ముడి సరుకైతే అబద్ధం చెప్తారా అని. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయిందట. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి గోడలే చూశాను, ఇక సముద్రం చూస్తానంది. నేను కింద తడుతుంటే పక్కన గొంతుకూర్చుని కబుర్లు చెప్పింది. “నాకు ఈత అంతంతమాత్రమేనమ్మా. మా అక్కకి అసలే రాదు. అయినా ఇద్దరం పోతాం,” అని నవ్వింది. తర్వాత పడవ పైన చూడ్డానికి నిచ్చెనెక్కింది.

సరిగ్గా అప్పుడే బుద్‌మంది. పడవ బోల్తా పడకుండా అడుగున బరువుగా బిగించే ఇనప రెక్క ఉంటుంది చూడండీ, దాని మొదట్లోనే. నాలుగుసార్లు తట్టాను. మూరెడు మేర అదే చప్పుడు. సున్నా చుట్టాను.

“వదినా, అక్కడ రంగు కాస్త మందంగా పడింది, అంతే. చెరిపెయ్, నీకు పుణ్యముంటుంది,” అన్నాడు మరిది. వాడు కొత్త రంగు ఎందుకు పూశాడో నాకు తెలీదా? మా ఆయన వంగి సున్నా చూశాడు. నా మొహం చూశాడు. తడిగుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచేశాడు. “వాడు గట్టెక్కాలి. నువ్వు ఊరికే ఉండు,” అన్నాడు.

నా చెవిని తన చెవిగా చలామణీ చేసుకున్నాడు, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు ఆ చెవి విన్నదాన్ని కూడా గుడ్డతో తుడిచేశాడు. నాలుగు పెద్ద అలలు తగిలి ఆ రెక్క ఊడిందంటే, ఈత సరిగ్గా రాని ఆ అక్కచెల్లెళ్ళు చెంబుల్లా మునుగుతారు. అప్పుడు కూడా నన్నెవరూ ఏమీ అనరు. సంతకం ఆయనది, నేను ఊరికే వచ్చినదాన్ని. ఇన్నేళ్ళ చాకిరీకి నాకు దక్కిన సుఖం ఇదొక్కటే, ఎవరు చచ్చినా నా పేరు రాదు. ఛీ, ఏం బతుకు ఇది?

నర్సమ్మ కిందికి దిగి, షెడ్డులో బల్ల దగ్గర కూర్చుంది. మరిది గేటు దగ్గర ఫోన్లో ఉన్నాడు. మా ఆయన కాగితం పరిచి, “అడుగు రాయిలా ఉందండీ. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి,” అన్నాడు. నాకేసి కళ్ళతోనే ఊఁ, చెప్పు అని, సంతకానికి వంగాడు.

ఆయనున్న చోట నేనెప్పుడూ అరిచినట్టే మాట్లాడతాను. కొత్తవాళ్ళు గయ్యాళిదనుకుంటారు. ఇవాళ గొంతు పెంచలేదు. పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడాను.

“ఈ పడవ కొనకండమ్మా. రెక్క దగ్గర అడుగంతా కుళ్ళింది, నేను చుట్టిన గుర్తు ఈయన తుడిచేశాడు. ఈయనకి చెవులు వినపడవు. ఏడేళ్ళ నుంచి వింటున్నది నేను.”

నర్సమ్మ నన్ను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

ఆయన పెన్ను మూత తీస్తూ తలెత్తి, ఆమెకేసి నిండుగా నవ్వాడు. “చూశారా? మా ఆవిడ చెప్పిందంటే ఇక తిరుగులేదండీ.”