గాజుగులాబి, మామయ్య చెంచా

లీర్ పట్టణంలో ఆ ఆదివారం వాన వెలిసి కిటికీల మీద ఎండ పడింది. గెజీనా ఎండను చూడలేదు. ఆమె చూపు ఉప్పునీటి తొట్టి మీద, తొట్టిలోని రాతి మీద, ఆ రాతి అంచున విచ్చుకున్న చిన్న జీవి మీద నిలిచిపోయింది.

ఆమె కొన్న పగడాలన్నిటికీ పేర్లున్నాయి. దీనికి లేదు. ఎవరూ తేలేదు, ఎవరూ నాటలేదు. రాతితో పాటు దానంతట అదే వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, గాజులాంటి వేళ్లు. రొయ్యపొడి రాలిస్తే వేళ్లు ముడిచి తినేది, తిని మళ్లీ విప్పేది. ఆ విప్పడం చూసిన రోజు గెజీనాకు ఏ పనీ బరువనిపించేది కాదు.

ఐలర్ట్ మామయ్య దానికి మరణశిక్ష వేశాడు. ఆమె పంపిన నీలిదీపపు ఫోటో చూసి, "గాజుగులాబి" అని తేల్చేశాడు. గాజుగులాబి అంటే తొట్టిలో కలుపు. ఒకటి వస్తే పది అవుతుంది. పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుంది. ఊళ్లోని అక్వేరియం సంఘానికి మామయ్యే పెద్ద. ఆయన తీర్పు మీద అప్పీలు లేదు.

మధ్యాహ్నం దాని నోట్లోకి ఎక్కించి చంపడానికి సిరంజి నిండా చిక్కటి సున్నపునీటితో వచ్చాడు.

"ఏదే నీ ముద్దుల కలుపు?"

"ఇంకో వారం చూద్దాం మామయ్యా. ఒక్కటే కదా!"

"మా సంఘంలో డిర్క్ కూడా ఒక్కటే కదా అన్నాడు. ఇప్పుడు వాడి తొట్టి గాజుగులాబీల తోట. టిక్కెట్టు పెట్టి చూపించుకోవచ్చు!"

గెజీనా నీలిదీపం ఆర్పి తెల్లదీపం వేసింది. చావైనా మంచి వెలుగులో రానీ అనుకుంది. తొందరలో మామయ్య సూది జారి రాతికి తగిలింది. జీవి చటుక్కున ముడుచుకోసాగింది.

"ఛ! నోరు మూసేసింది. తెరిచేదాకా ఆగాలి" అని మామయ్య విసుక్కున్నాడు.

"ఆగుతావో, అరుస్తావో, టీ తాగాక!" వంటింటి నుంచి అమ్మమ్మ తొమ్మా గొంతు వినిపించింది.

ఆ ఇంట్లో మూడు కప్పులు తాగనిదే ఎవరూ లేవకూడదు. వేడి టీ పడగానే పటికబెల్లం పలుకులు చిటపటలాడాయి. మీగడ కప్పు అంచున జారి, అడుగుకు దిగి, తెల్లమబ్బై పైకి విచ్చుకుంది. దాన్ని ఎవరూ కలపరు. చెంచా ఉన్నది కలపడానికి కాదు. చాలు అనుకున్నప్పుడు కప్పులో పడేయడానికి. అది పడేదాకా పోస్తూనే ఉంటారు. మూడో కప్పు కాగానే గెజీనా తన చెంచా కప్పులో వేసింది.

మామయ్య వేయలేదు. చెంచానే సిరంజిలా తిప్పుతూ, తాను చంపిన గాజుగులాబీల వీరగాథ చెబుతున్నాడు. అమ్మమ్మ నాలుగోది పోసింది. తర్వాత అయిదోది. గెజీనా చూసి, పటికబెల్లం గిన్నె మామయ్య వైపు జరిపింది.

"అమ్మా, మళ్లీ ఏంటిది?"

"చెంచా నీ చేతిలో ఉందిరా. నేనేం చేయను?"

"కడుపు పగిలిపోతుందే!"

"పోసిన టీ వదిలేస్తావా? ఎవరి కొడుకువిరా నువ్వు?"

మామయ్య గుటకేసి, చెంచా జేబులో దోపుకుని, తొట్టి దగ్గరకు పరుగెత్తాడు. వెనకే గెజీనా.

జీవి ఇంకా తెరుచుకోలేదు. ఒళ్లంతా లోపలికి లాగేసుకుంది. మామయ్య భూతద్దం పట్టి వంగాడు. వంగినవాడు లేవలేదు.

పల్చబడిన చర్మం కింద చిన్న రాతిగిన్నె. గిన్నెలో నడుమ నుంచి అంచుదాకా, బండిచక్రపు ఆకుల్లా తెల్లని పలకలు.

"గాజుగులాబికి ఎముక ఉండదే..." మామయ్య గొణిగాడు. "గెజీనా! దీని వేళ్ల మీద తెల్లచుక్కలున్నాయా?"

"నిండా ఉన్నాయి మామయ్యా."

"నీ ఫోటోలో ఒక్కటీ కనబడలేదే! ఆ నీలివెలుగు మింగేసింది. చూడకుండా తీర్పు చెప్పిన గాడిదను నేను. ఇది కలుపు కాదే పిల్లా, రాతి పగడం! గిన్నె పగడం!"

సిరంజిలోని సున్నపునీరు సింకులోకి పోయింది. గెజీనా నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"అమ్మా! పగడమే అమ్మా, పగడం!" మామయ్య వంటింట్లోకి అరుచుకుంటూ వెళ్లాడు.

"సంతోషం. కూర్చో. పోశాను."

"మళ్లీనా!"

"చెంచా ఏదిరా?"

ఆయన జేబు తడుముకుని కూలబడ్డాడు. ఆయన కప్పులో మీగడ మబ్బు మెల్లగా విచ్చుకుంటోంది. అవతల గదిలో, తెల్లదీపం కింద, రాతి అంచున ఒక గాజువేలు బయటికొచ్చింది. దాని పక్కన ఇంకొకటి.

గెజీనా తన కప్పులోని చెంచా తీసి సాసరులో పెట్టింది.

"నాకూ పొయ్యి అమ్మమ్మా."