అక్క చెప్పే మంచు

అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి లాండ్రీ నడిపేవారు. ఇస్త్రీ బల్ల అక్కది. గల్లాపెట్టె, దాంతోపాటు నోరూ చెల్లెలివి. చలికాలం సగానికొచ్చేసరికి కొండ ఊళ్ళు చూసొచ్చినవాళ్ళ కోట్లు గుట్టలుగా వచ్చి పడేవి. ఉతికే ముందు జేబులు వెతకడం అక్క పని. రోప్‌వే టికెట్ ముక్కలు, ఎండిన పైన్ ఆకులు, ఒక్కోసారి జత లేని పిల్లల చేతితొడుగు దొరికేవి.

"వీళ్ళంతా అక్కడేం చూసొస్తారే బుజ్జీ?" అనేది అక్క.

"ఏముంటుంది, చలి!" అనేది చెల్లెలు.

ఆ ఏడు బాయిలర్ మార్చడానికి కొట్టు నాలుగు రోజులు మూయాల్సొచ్చింది. "పోదాం పద" అంది చెల్లెలే. అమ్మ పోయాక తనకు జడలేసి బడికి పంపింది అక్కే. అరవైకి దగ్గరపడుతున్నా ఆవిడ ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళింది లేదు.

కొండ ఊరు ముచ్చటగా ఉంది. వీధులన్నీ రాతి మెట్లే. పలక రాళ్ళ కప్పుల మీంచి పొగ లేస్తోంది. కొట్ల ముందు ఉన్ని టోపీలు దండేనికి ఆరేసినట్టు వేలాడుతున్నాయి. "ఈ ఊళ్ళో దుప్పటి ఎన్నాళ్ళకి ఆరుతుందే?" అని అక్క ఆశ్చర్యపోయింది. ఊళ్ళో మంచు లేదు. చూడాలంటే రోప్‌వే ఎక్కి పైకి వెళ్ళాలి.

మర్నాడు పొద్దున లాడ్జి వరండాలో టీ తాగుతుంటే, పైకి బయల్దేరిన కుర్ర జంటలు కొన్ని కలిశాయి. అక్క ఊరుకోలేదు. ఓ అమ్మాయి కోటు అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, "దీన్ని నీళ్ళలో వెయ్యకమ్మా, ముడుచుకుపోతుంది" అంది. ఇంకొకతని కాలరు మీది మరక గోటితో గీకబోయింది. అతను పక్కకు తిరిగి నవ్వాడు. చెల్లెలికి తల కొట్టేసినట్టయింది.

కలిసి వెళ్దామన్న జంటలన్నీ గేటు దగ్గరికి చేరాయి. అక్క ఇంకా ఒక కాలికే బూటు తొడుక్కుంది. చలికి మోకాలు వంగడం లేదు.

"అక్కా, ఇవాళ్టికి నువ్వు రెస్ట్ తీసుకో. రేపు మనిద్దరమే తీరిగ్గా వెళ్దాం."

అక్క ఒక్క క్షణం చెల్లెలి మొహంలోకి చూసింది. "అలాగేలే. ఎండ బాగుంది, ఇక్కడే కూర్చుంటా" అంటూ తొడిగిన బూటు విప్పేసింది.

పైన చెల్లెలు చిన్నపిల్లైపోయింది. జారింది, పడింది, మంచు ముద్దలు చేసి విసిరింది. జంటలు దిగిపోయినా ఆవిడకు దిగబుద్ధి కాలేదు. గదికి వచ్చేసరికి పొద్దు వాలింది.

"ఎలా ఉందే?" అక్క ఆత్రంగా అడిగింది.

"అడుగేస్తే గంజి పెట్టిన బట్ట నలిపినట్టు చప్పుడక్కా!"

"తెల్లగానేనా?"

"ఎండలో తెలుపే. నీడలో మాత్రం నీలిమందు ఎక్కువైన దుప్పటిలా ఉంటుంది."

అక్క పకపకా నవ్వింది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

తెల్లారేసరికి ఈదురుగాలి. రోప్‌వే ఆపేశారు. చెల్లెలు టికెట్లాయన కిటికీ పట్టుకుని బతిమాలింది. "మా అక్క నిన్న రాలేదండీ. ఒక్క ట్రిప్పు వెయ్యండి."

"నా చేతుల్లో ఏముందమ్మా? గాలి నా మాట వినదు కదా!"

టాక్సీవాళ్ళనడిగితే పై దారి గడ్డకట్టిందన్నారు. మధ్యాహ్నానికి తిరుగు బస్సు. అక్క చెల్లెలి చెయ్యి పట్టి లాగింది. "పదవే, అందరూ చూస్తున్నారు. నువ్వు చూశావుగా, చాల్లే."

కొట్టు తెరిచిన వారానికి, ఎప్పుడూ బట్టలిచ్చే టీచరమ్మ కోటు ఇవ్వడానికి వచ్చింది. "కొండలకు వెళ్ళారటగా! మంచు చూశారా?" అని అక్కనే అడిగింది.

గల్లా దగ్గర చెల్లెలి ప్రాణం చివుక్కుమంది.

అక్క తలెత్తకుండానే అంది. "ఎందుకు చూళ్ళేదండీ! అడుగేస్తే గంజి బట్ట నలిగినట్టే. నీడ పడినచోట నీలం. మా బుజ్జి జారి పడితే నేనే చెయ్యిచ్చి లేపాను."

టీచరమ్మ నవ్వుతూ ఇటు తిరిగింది. "నిజమేనా?"

"నిజమేనండీ. అక్క లేకపోతే లేచేదాన్నే కాదు" అంది చెల్లెలు.

ఆవిడ వెళ్ళాక అడిగింది. "అలా ఎందుకు చెప్పావక్కా?"

"చూళ్ళేదంటే, మరెందుకు వెళ్ళలేదంటుంది. దానికేం చెప్పమంటావు?" అంది అక్క మామూలుగానే. ఇస్త్రీపెట్టె కింద నుంచి ఆవిరి లేచింది.

తర్వాతి చలికాలం, ఆపై చలికాలం కూడా చెల్లెలు రమ్మని బతిమాలింది. అక్క అలగలేదు, కోప్పడలేదు. "వెళ్ళొచ్చాంగా! మళ్ళీ వెళ్తే నేను చెప్పినట్టు లేకపోతేనో?" అని నవ్వేసి ఊరుకుంది. అక్క లేకుండా చెల్లెలూ ఇక ఎక్కడికీ వెళ్ళలేదు.

కోట్లు తెచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అక్క చెబుతూనే ఉంటుంది. ఏటికేడు ఆ కథకు కొత్త కొమ్మలు మొలుస్తున్నాయి. మొన్న ఎవరికో చెబుతూ మధ్యలో ఆగి, గల్లా వైపు తిరిగింది.

"మర్చిపోయానే బుజ్జీ. పైన మనం టీ తాగిన కొట్టు కుడివైపుందా, ఎడమవైపా?"

చెల్లెలు చిల్లర లెక్క ఆపింది.

"ఎడమవైపక్కా" అంది.