రాజుగారి పరీక్ష

మా అన్నయ్య ఫోన్ చేసి ‘కాస్త వచ్చి చూసి వెళ్ళవే’ అన్నాడంటే, నిర్ణయం అప్పటికే అయిపోయిందని అర్థం. నా పని తలూపడం. పదకొండేళ్ళుగా పశువుల ఆసుపత్రిలో సూదులు వేస్తున్న చెల్లెలు తలూపితే, ఆయన చేసే తప్పు ఇక ఆయనది కాదు.

విషయం ఇది. షెడ్డులో పంతొమ్మిది ఆడ కుందేళ్ళు. ఐదు నెలలుగా ఒక్కటీ సరిగా ఈనలేదు. కొన్నింటికి చూలే నిలవలేదు, కొన్ని చచ్చిన పిల్లల్ని వేశాయి. అన్నీ గొడ్డుపోయాయని అన్నయ్య తేల్చేసి, మాంసం కొట్టు అతన్ని మధ్యాహ్నానికి రమ్మన్నాడు. వాటిని కళ్ళు తెరవని కూనలుగా ఉన్నప్పటినుంచి సాకింది మా వదిన. నేను వెళ్ళేసరికి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

ముందు వీపులు తడిమి చూశాను. కొవ్వు పట్టలేదు. మేతకు బూజు లేదు. వదిన రేకుల కింద తడి గోనెలు కట్టింది కాబట్టి వేడి తగిలిందనడానికీ లేదు. షెడ్డు నా వంటింటికంటే శుభ్రంగా ఉంది. చివరికి ఒకదాన్ని వెల్లకిలా తిప్పి తోక కింద చూశాను. ఎర్రగా వాచి, చిన్న చిన్న పుళ్ళు, పైన పొక్కులు కట్టి ఉన్నాయి. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

“చూశావా? ఆడవాటిలోనే ఉంది లోపం. నేను చెప్పలా?” అన్నాడు అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి. లోపలికి మాత్రం రాలేదు.

“వీటిని దాటించిన మగదేది?”

వదిన నోటుబుక్కు తెరిచింది. ఏ రోజు ఏది దాటిందో, ఏ మగదానితో జతకట్టిందో వరసగా రాసుకుంది. మగదాని పేరున్న చోట అన్ని పేజీల్లోనూ ఒకటే మాట: రాజుగారు.

రాజుగారు ఏదో కుందేళ్ళ పోటీలో కప్పు గెలిచాక, కప్పుతో సహా అన్నయ్య కొన్నాడు. ఆయన నివాసం షెడ్డులో కాదు, ముందుగదిలో, కప్పు పక్కన. ఆ బోను మీద వదిన చెయ్యి పడకూడదు. అది అన్నయ్య సొంత బాధ్యత. గదిలో అడుగుపెట్టగానే ఉచ్చ వాసన కళ్ళలో మండింది. కింద పళ్ళెంలో పెంట గడ్డలు కట్టి, పైన బూజు పట్టింది. పైన పటారం, లోన లొటారం.

“దాన్నెందుకే తిప్పడం? అది మగది. బెదిరిపోతుంది.”

తిప్పాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చూశాను గాని, ఇలాంటిది చూడలేదు. పుండు మీద పుండు. చీము కారి బొచ్చు అట్టకట్టింది. ముక్కు మీద కూడా పొక్కులే. పంతొమ్మిదింటికీ ఈ రోగం అంటించి, పైన మెత్తని బొచ్చుతో మురిసిపోతున్నాడు మహానుభావుడు.

“ఆ ముక్కు మీద పొక్కు నేను రెండో నెలలోనే చూపించాను,” అంది వదిన మెల్లగా. “కుందేళ్ళ సంగతి నీకేం తెలుసన్నారు.”

“ఏదో గీరుకుందనుకున్నా,” అన్నాడు అన్నయ్య. “సరే, నయమయ్యేదేగా? వీడికి సూది వెయ్యి. ఆడవి ఎలాగూ పోతున్నాయి. కొత్తవి తెద్దాం.”

నాకు అసహ్యం వేసింది. పుండును చూసి కాదు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణయినా భరించొచ్చు. మద్దెలను పొయ్యిలో పెడతానంటుంటే ఎలా భరించడం?

డాక్టరుగారికి ఫోన్ చేసి మందు, మోతాదు అడిగాను. మందుల పెట్టె తీసుకుని నేరుగా షెడ్డులోకి నడిచాను. వదిన ఒక్కొక్కదాన్నీ పట్టుకుంది. నేను సూది వేస్తూ పోయాను. చివరిది పూర్తయ్యేసరికి వాకిట్లో బండి ఆగింది.

మాంసం కొట్టు అతను బోనులు దించబోతుంటే చెప్పాను. “అన్నిటికీ ఇప్పుడే సూది వేశాను.”

అతను మందు సీసా చూశాడు. “అయ్యో, ఈ మందు మాంసంలో ఉండిపోతుంది, వారాల తరబడి ఇక కొయ్యడానికి లేదు. ముందే చెప్పొద్దా సార్?” అని అన్నయ్య మీద విసుక్కుని, ఖాళీ బోనులతోనే వెళ్ళిపోయాడు.

“ఎవర్నడిగి వేశావే?” అన్నయ్య మొహం కందగడ్డలా అయింది.

“వైద్యం చెయ్యమనేగా పిలిచావు?”

ఇక రాజుగారు మిగిలారు. వదిన చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడింది.

“మీరు పట్టుకోండి,” అంది మొగుడితో. “పంతొమ్మిదింటినీ నేను పట్టుకున్నాను.”

అన్నయ్య రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నేను వెల్లకిలా తిప్పించాను. మొట్టమొదటిసారి దాని కిందివైపు చూసి, మొహం పక్కకు తిప్పుకుని, “ఛీ!” అన్నాడు.

ఆ మాట పొద్దుటినుంచీ నా నోట్లోనే ఉంది. నేను అనాలనుకున్నది కుందేలును మాత్రం కాదు.