వినికిడి ఫైలు

1973 ఆగస్టు నెల, ఒక శనివారం ఉదయం. హైమవతి చేసిన పొరపాటు వల్ల కంప్యూటర్ డిస్కు మీద నుంచి ఒక ఫైలు చెరిగిపోయింది.

ఖరగ్‌పూర్ ఊరి చివర ఉన్న ఒక పరిశోధన కేంద్రంలో ఆమె ఆపరేటరు. ఫైలు డాక్టర్ ఎమిలీది. రైల్వే కర్మాగారం బాయిలర్ పనిలో వినికిడి పోగొట్టుకుంటున్న కార్మికులను ఎమిలీ నాలుగేళ్ళుగా పరీక్షిస్తోంది. మొత్తం నాలుగు వందల పద్దెనిమిది మంది. పాత నమూనా ఫైలు ‘ఒకటి’ని తీసేయమని ఆమె చీటీ రాసింది. ఆ ఒకటి ఏడులా కనిపించింది. హైమవతి అడగకుండా ఏడు అని కార్డు పంచ్ చేసింది. ఏడో నంబరే అసలు ఫైలు.

పదకొండింటికి ఎమిలీ వచ్చి ఏడో ఫైలు అడిగింది. అలాంటి ఫైలు లేదని ప్రింటరు ఒక్క లైను కొట్టి ఆగింది. ఎమిలీ స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఆ అంకెలు పంచ్ చేసిన కార్డులున్నాయి కదా మేడమ్?” అంది హైమవతి.

“పోయిన వానాకాలంలో చెదలు తినేశాయి. డిస్కులో ఉన్నాయి కదా అని ఊరుకున్నాను.”

హైమవతి చీటీ తీసి చూపించింది. “నేనే చెరిపాను మేడమ్. అడగాల్సింది. అడగలేదు.”

ఎమిలీ ఆ చీటీని వెలుగులో పెట్టి చూసింది. “నా రాత కూడా అలాగే ఉంది,” అంది.

అప్పుడు హైమవతి లేచి, కార్డులు లోపలికి లాగుతున్న యంత్రాన్ని ఆపేసింది. వరసలో ఇంకా ఏడుగురి పనులున్నాయి. పక్క గదిలోంచి ఇన్‌ఛార్జి ఆర్థర్ పరుగున వచ్చాడు.

“ఎవరినడిగి ఆపావు?”

“ఎవరినీ అడగలేదు సార్. ఫైలు చెరపమంటే యంత్రం అంకెల్ని చెరపదు. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందని చెప్పే పట్టికలో ఆ ఒక్క లైను తీసేస్తుంది, అంతే. అంకెలు డిస్కు మీద ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఆ చోటు ఖాళీ అనుకుని తర్వాతి పని వాటి మీదే రాసేస్తుంది. అందుకే ఆపాను.”

“ఇప్పటికే ఒక పని నడిచింది.”

“అది ఎంత తినేసిందో తెలీదు సార్. రెండోది నడవకూడదు.”

ఆర్థర్ ఎమిలీ వంక చూశాడు, గడియారం వంక చూశాడు. “సోమవారం పొద్దున్న దాకా. ఆ తర్వాత నావల్ల కాదు,” అన్నాడు.

హైమవతి చిన్న ప్రోగ్రాం రాసింది. యంత్రం మెమరీ చాలా చిన్నది, డిస్కునంతా ఒకేసారి పట్టదు. అందుకే ఒక్కో ముక్కనే, అంటే ఒక్కో బ్లాకునే, మెమరీలోకి తెచ్చి, కాగితం మీద కొట్టించి, దాని స్థానంలోకి ఇంకోదాన్ని తెచ్చింది. సాయంత్రం నాలుగయ్యేసరికి కాగితాలు గంపెడయ్యాయి. అంకెలు దొరికాయి. కానీ చిందరవందరగా దొరికాయి. నాలుగేళ్ళలో ఫైలు పెరిగినప్పుడల్లా యంత్రం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టింది. ఇరవై మంది టికెట్ నంబర్లు, అంటే పనిలో ఒక్కో కార్మికుడికీ ఇచ్చే నంబర్లు, ఒక బ్లాకులో, ఆ ఇరవై మంది వినికిడి అంకెలు మరెక్కడో ఇంకో బ్లాకులో. దేని తర్వాత ఏదో చెప్పేది ఆ పట్టికే. అదే లేదు.

కాగితాల కట్టతో ఆమె తెలుగు కుటుంబాలుండే ఝపటాపూర్ పేటలోని ఇంటికి వెళ్ళింది.

తండ్రి తవిటయ్య ఆ రైల్వే కర్మాగారంలోని బాయిలర్ షాపులోనే ముప్పై ఒక్కేళ్ళుగా ఇనప రేకుల్ని కలిపే రివెట్లు కొడుతున్నాడు. ఆయన కుడి చెవి పూర్తిగా పోయిందని వీధిలో అందరికీ తెలుసు. అందుకే హైమవతి ఎప్పుడూ ఎడమ పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడుతుంది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

“ఏటమ్మీ, మొకం అలాగుంది?” అన్నాడాయన.

జరిగింది చెప్పింది. ఆయన ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా విన్నాడు. కాగితం ఒకటి తీసుకుని టికెట్ నంబర్ల మీద వేలు పెట్టాడు.

“ఈల్లందరూ మనోల్లే గదే. పెద్దంకె అయితే ఏటి, సిన్నంకె అయితే ఏటి?”

“ఎంత పెద్దదైతే అంత ఇనబడనట్టు నాన్నా.”

ఆదివారం తెల్లారాక ఇద్దరూ చాప మీద కాగితాలు పరిచి కూర్చున్నారు. తవిటయ్యకి పేర్లక్కర్లేదు. నంబరు చూస్తే మనిషి కళ్ళ ముందుకొచ్చేస్తాడు.

“ఈ మూడోవోడు అప్పలకొండ. బాయిలర్ లోపల కూకోని రివెట్టు పట్టుకునేవోడు. ఆడికి రెండు సెవులూ ఎప్పుడో పోయినాయి. ఆడి కిందోడు కొత్తోడు, దోమ ఎగిరినా ఇంటాడు. తొంబై కింద పది ఉన్న కాయితం ఎతుకు.”

ఆమె వెతికింది. “ఇదిగో నాన్నా.”

“పదకొండోవోడికి ఎడం సెవే పోవాల. సూడు.”

పోయింది. ఆ రెండు కాగితాలనీ కలిపి సూదీ దారంతో కుట్టేసింది. మధ్యాహ్నానికి పన్నెండు జతలు కుదిరాయి. ఒక్కో మనిషి దగ్గరా ఆయన కాసేపు ఆగేవాడు. ఒకడు పాటలు పాడేవాడట. ఒకడు పిల్ల ఏడుపు వినబడక నిద్రపోయాడని పెళ్ళాంతో తిట్లు తిన్నాడట. చెబుతూ నవ్వేవాడు, నవ్వు ఆపి మళ్ళీ వేలు జరిపేవాడు.

పదమూడో జత హైమవతే కుదిర్చింది. అందులో తొమ్మిదో నంబరు తండ్రిది. ఆయన పరీక్షకి వెళ్ళినట్టే ఆమెకు తెలియదు. కుడి చెవి తొంభై అయిదు. ఎడమ చెవి తొంభై మూడు. పరీక్ష తేదీ మూడేళ్ళ కిందటిది.

ఆమె ఆ కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. ఆయన తల ఎత్తి చూశాడు, కాగితం చూశాడు, తల దించుకున్నాడు.

“నా మాట ఇనబడట్లేదా నాన్నా?”

“తెలుస్తాది గదమ్మీ. నీ పెదాలు సూసి తెలుసుకుంటాను.”

“మరి ఎడమ పక్కకొచ్చి అరుస్తుంటే ఎందుకు ఊరుకున్నావు?”

“నువ్వు ఆ పక్క కూకోని సెప్తుంటే బాగుండేది. ఇనబడదంటే మానేస్తావని బయమేసినాది.”

హైమవతి ఏడ్చింది. ఆయన తువ్వాలు అందించి, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, “ఇంకా ఎనిమిదున్నాయి, లెగు,” అన్నాడు. ఈసారి ఆమె ఎడమ పక్కన కాక, ఆయనకి ఎదురుగా కూర్చుంది.

సోమవారం పొద్దున్నకి ఇరవై జతలు కుదిరాయి. ఇరవై ఒకటోది కుదరలేదు. శనివారం నడిచిన పని ఆ అంకెల మీదే రాసేసింది. తండ్రి జ్ఞాపకం మీద ఆధారపడి జతపరిచిన అంకెలను డాక్టరు ఊరికే ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కుదిరిన జతల్లోంచి ముప్పై మందిని ఎంచి మళ్ళీ పరీక్షిస్తానంది ఎమిలీ. అంకెలు పోయిన ఇరవై మందినీ సరేసరి. డ్యూటీ దిగాక తవిటయ్య సైకిలు మీద ఝపటాపూర్, మలంచా పేటలు తిరిగి అందరికీ కబురు చెప్పాడు. రానన్నవాళ్ళని భుజం పట్టుకుని తీసుకొచ్చాడు.

ముప్పై మంది అంకెలూ సరిపోయాయి. ఆర్థర్ హైమవతికి హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. ఫైళ్ళన్నిటికీ టేపు మీద నకలు తీసే పని కూడా ఆమెకే అప్పగించాడు.

పరీక్షల చివరి రోజు ఎమిలీ తవిటయ్యని కూడా వినికిడి పరీక్ష చేసే అద్దాల గదిలో కూర్చోబెట్టింది. శబ్దం వినబడితే చెయ్యి ఎత్తాలి. ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. వినబడనందుకు సిగ్గుపడ్డట్టు చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. అద్దానికి ఇవతల నిలబడ్డ హైమవతి చెయ్యి ఊపింది. ఆయన తల ఎత్తాక, గొంతు విప్పకుండా పెదాలతో మాత్రమే అడిగింది, అన్నం తిన్నావా అని.

“లేదమ్మీ, నువ్వొస్తే తిందారని!” అని లోపలి నుంచి తవిటయ్య ఎంత గట్టిగా అన్నాడంటే, వరండాలో వరస కట్టిన మనుషులందరూ ఇటు తిరిగారు.