మరుసటి ఎరుపు

నేను ఒక గాజు కుప్పెను. పిడికిలంత కడుపు, పైన నాలుగు మెడలు, పక్కన చిన్న ముక్కు. విశాఖపట్నంలో ఒక గాజు పనివాడు నన్ను మంట మీద తిప్పుతూ, ఊదుతూ ఈ రూపానికి తెచ్చాడు. "నాలుగు మెడలేటమ్మా! ఇదేం బొమ్మ?" అని నవ్వాడు. నన్ను చేయించుకున్న కౌముది నవ్వలేదు. ఆమె రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఆశంతా నా మీదే పెట్టుకుంది.

మూడు మెడల్లోంచి మూడు ద్రవాలు చుక్కచుక్కగా నాలో పడేవి. నాలుగో దాంట్లో థర్మామీటరు. నిండి ఎక్కువైనది ముక్కులోంచి బయటికి పోయేది. అడుగున అయస్కాంతపు ముక్క ఒకటి గిరగిరా తిరుగుతూ అన్నిటినీ కలిపేది. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే నా కడుపులో రంగు మారేది. ఎరుపు, నీలం, మళ్లీ ఎరుపు. ద్రవాలు మెల్లగా పడితే ఆ మార్పు గడియారంలా సాగేది. వేగం కాస్త పెంచితే క్రమం తప్పేది. ఒక ఎరుపు నిమిషం నిలిచేది, మరొకటి కాసేపటికే పోయేది.

కౌముది రాసుకున్న సమీకరణాలూ అదే చెప్పాయి. మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు, కాసేపటికి దారులు ఎక్కడెక్కడికో పోతాయన్నాయి. ఆమె గురువు శేషాచలం మాస్టారు ఒప్పుకోలేదు. ఒకే ప్రయోగం రెండుసార్లు చేస్తే ఒకే గీత రావాలని ఆయన ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నారు. కౌముది పదకొండుసార్లు చేసింది. ప్రతిసారీ మొదటి నాలుగైదు ఎరుపులు ఒకేలా వచ్చి, ఆ తర్వాత దేని దారి దానిదే.

"ఇది సిద్ధాంతం కాదమ్మా, మురికి. కుప్పె సరిగ్గా కడగలేదు," అన్నారు మాస్టారు.

అర్థం కానిది ఎదురైతే మనుషులు ముందు కడిగినవాళ్ల వైపు చూస్తారు. ల్యాబులో గాజుసామాను కడిగేది పైడమ్మ, రోజుకూలీ మనిషి. నన్ను మూడుసార్లు కుళాయి నీళ్లతో, మూడుసార్లు డిస్టిల్డ్ వాటరుతో కడిగి, కిటికీ వెలుగుకు ఎత్తి చూసిగాని బల్ల మీద పెట్టేది కాదు. నాలో మురికి లేదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. సోమవారం నుంచి ఆమె రానక్కర్లేదని మాస్టారు కాగితం టైపు చేయించారు. సంతకమొకటే మిగిలింది.

ఇప్పుడు ముక్కు విరిగి బీరువాలో కూర్చున్నాక, నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ శనివారమే. కౌముది నాలో ప్రయోగం నడిపిస్తూ కళ్లు తుడుచుకుంటోంది. పైడమ్మ పక్కనే తొట్టి దగ్గర పరీక్షగొట్టాలు కడుగుతోంది.

"ఏటమ్మా, నా గురించేనా? ఊరుకో. నాకు ఎక్కడైనా గిన్నెలు దొరక్కపోవులే," అంది. తర్వాత నా వైపు చూసి, "ఇదిగో, ఈ ఎరుపు వేగిరం పోతాది సూడు," అంది.

పోయింది.

"నీకెలా తెలుసు పైడమ్మా?"

"దీని ముందుది తొమ్మిది గొట్టాలు కడిగినంతసేపు ఉంది కదేటి. అంతసేపుంటే తరవాతది పొట్టిదే. మూడు గొట్టాల సేపుంటే తరవాతది ఇంకాస్త పొడుగు. రోజూ సూస్తన్నాను."

కౌముది ఏడుపు ఆపి పాత కాగితాలన్నీ తీసింది. ఒక్కో ఎరుపు ఎంతసేపుందో అడ్డంగా, దాని తర్వాతది ఎంతసేపుందో నిలువుగా గుర్తుపెట్టి చుక్కలు వేసింది. మురికే కారణమైతే అవి ఒలికిన ఆవాల్లా చెదరాలి. చెదరలేదు. పదకొండు ప్రయోగాల చుక్కలూ ఎక్కి దిగే ఒకే కొండగీత మీద కూర్చున్నాయి.

ఆ చుక్కల కాగితం తీసుకెళ్లి మాస్టారికి చూపించింది. ఆయన వచ్చి నా ముందు స్టూలు లాక్కుని కూర్చున్నారు. అప్పుడే ఒక పొడుగు ఎరుపు నీలమైంది.

"తర్వాతది ఎంతసేపుంటుంది?" అని పైడమ్మనే అడిగారు.

"మీరే కడిగి సూడండి బాబూ. రెండు గొట్టాలు అవ్వకముందే పోతాది."

ఆయన చొక్కా చేతులు మడిచి తొట్టి దగ్గర నిలబడ్డారు. ఎరుపు రాగానే ఒక గొట్టం కడిగారు. రెండోది చేతిలో ఉండగానే నేను నీలమయ్యాను.

"మరి ఇక్కణ్ణించి పదో ఎరుపు?" అన్నారు.

"తరవాతది సెప్తాను గానీ, పదోది నన్నడక్కండి బాబూ."

మాస్టారు తడి చేతులతోనే జేబులోంచి ఆ సంతకంలేని కాగితం తీసి చించేశారు.

"ఈ గొట్టం మళ్లీ కడుగు పైడమ్మా," అన్నారు, "నాకు సరిగ్గా రాలేదు."