మగ్దలీనమ్మ ఎర్ర డిస్క్

మధ్యాహ్నం పళ్లేలు తోముతూ మగ్దలీనమ్మ మళ్లీ వంటగది వైపు చూసింది. ఖాళీ బియ్యం డబ్బా మూత బిగించే ఉంది. పాత తువ్వాలులో చుట్టిన ఎర్ర ప్లాస్టిక్ డిస్క్ అందులోనే ఉంది. అయినా చేతులు తుడుచుకుని వెళ్లి, మూత తీసి చూసి వచ్చింది. పొద్దుటినుంచి ఇది అయిదోసారి.

మార్కాపురం శివార్లలోని ఆ ఆడపిల్లల హాస్టల్లో ఆమె ఆయాగా చేరి ఇరవై రెండేళ్లయింది. పలకల గనిలో పనిచేసిన భర్త ఊపిరి జబ్బుతో పోయాక ఇక్కడికి వచ్చింది. చీపురు, అంట్లు, పిల్లల జ్వరాలు. రెండేళ్ల కిందట గిద్దలూరు నుంచి ఫెబీ ఆటల టీచరుగా వచ్చి, వెనక ఖాళీ స్థలంలో గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు పాతించింది. దూరం నుంచి పళ్లెమంత డిస్క్ విసిరి ఒక్కో బుట్టలో వేస్తూ పోవాలి. ఒక్క విసురుకే పడితే ఏస్ అంటారు. పిల్లలు ఆడుతుంటే మగ్దలీనమ్మ ఓసారి సరదాకు విసిరింది. అంట్లు తోమి కాయలు కాచిన ఆ చేతి నుంచి డిస్క్ గాలిలో తిన్నగా పోయింది. అప్పటినుంచి పని అయ్యాక రోజూ ఫెబీతో ఒక ఆట.

పోయిన శనివారం ఆమె విసిరిన ఎర్ర డిస్క్ తుమ్మచెట్ల పక్కగా వంగి వెళ్లి, ఒక్క విసురుకే గొలుసుల్లో గల్లుమంది. పిల్లలు కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చారు. ఫెబీ డిస్క్ మీద నల్ల మార్కరుతో ఆమె పేరు, తేదీ రాసింది. మగ్దలీనమ్మ పేరు రేషన్ కార్డులో ఉంది, జీతం రిజిస్టరులో ఉంది. ఆమె ఏదో చేసిందని మెచ్చి రాసిన పేరు మాత్రం ఇదొక్కటే.

ఆ రోజునుంచి దాన్ని విసరలేదు. నేలంతా పదునైన పలకరాతి ముక్కలు. గీసుకుంటే అక్షరాలు మిగలవు. ఆ స్థలం చివర్లో పాడుబడిన బావి ఒకటి. వేరే డిస్కులు పట్టి చూసింది గానీ ఒక్కటీ చేతికి కుదరలేదు.

ఈ రోజు ఫెబీ వెళ్లిపోతోంది. విజయవాడలో కొత్త ఉద్యోగం. అయిదు గంటల బస్సు.

మూడున్నరకు ఫెబీ వంటగది గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, ఒక ఆట ఆడదాం రా. నీ డిస్క్ తెచ్చుకో."

"అది వద్దులే టీచరమ్మా. పచ్చది ఏస్తా."

"పచ్చదాంతో వారం నుంచి ఎట్ల ఆడతా ఉండావో చూస్తానే ఉండా."

"పేరు చెరిగిపోతే? బాయిలో పడితే ఏంది గతి? నువ్వు కూడా పోతా ఉండావు. మళ్ల ఎవరు రాసిస్తారు?"

ఫెబీ తలమీది తెల్ల టోపీ సర్దుకుంది.

"కాలేజీలో నాకూ ఒకసారి ఏస్ పడింది. ఆ డిస్క్‌ని ఇంట్లో గోడకు తగిలించినా. మళ్ల చేత పట్టలా. పోయిన పండక్కి తీసి చూస్తే ఎవరిదో అనిపించింది. నువ్వేం చేయాలో నేను చెప్పలేను పెద్దమ్మా."

మగ్దలీనమ్మ చాలాసేపు డబ్బా ముందు నిలబడింది. చివరికి తువ్వాలు విప్పింది.

వెనక స్థలంలో మొదటి బుట్టకు గురిపెట్టి విసిరింది. డిస్క్ గాలికి బావి వైపు మళ్లింది. బావి గట్టుకు తగిలి, వెల్లకిలా పడి, రాతి ముక్కల మీద బరబరా జారి ఆగింది. పరుగున పోయి తిప్పి చూసింది. తేదీ సగం పోయింది. పేరులో చివరి అక్షరం లేదు.

కొంగుతో దుమ్ము తుడిచింది. ఇంకోసారి తుడిచింది. తర్వాత అక్కడే నిలబడి విసిరింది. గొలుసులు గల్లుమన్నాయి.

"రెండు విసుర్లే పెద్దమ్మా!" అంది ఫెబీ.

నాలుగో బుట్ట దగ్గరికొచ్చేసరికి డిస్క్ తిప్పి చూడడం మానేసింది. ఆరో బుట్ట దగ్గర ఇద్దరూ చెమటలు కక్కుతూ నవ్వుతుండగా గేటు దగ్గర ఆటో హారన్ కొట్టింది.

"వస్తా పెద్దమ్మా."

"పోయిరా తల్లీ. బస్సు తప్పుతాది."

ఆటో మలుపు తిరిగేదాకా మగ్దలీనమ్మ గేటు దగ్గరే ఉంది. తర్వాత డిస్క్ చంకలో పెట్టుకుని వెనక్కి నడిచింది. ఆరో బుట్ట పక్కన బండ మీద ఫెబీ తెల్ల టోపీ ఉండిపోయింది. దాని లోపలి పట్టీ ఇంకా చెమటతో తడిగానే ఉంది.